సైకిల్ షెడ్డులో పావుగంట

మొన్న పై అంతస్తు కుర్రాడు సైకిల్ తోసుకుంటూ వచ్చి "తాతయ్యా, గాలి నిలవట్లేదు, కాస్త చూస్తారా?" అన్నాడు. పంక్చర్ సామాన్ల డబ్బా కూడా తెచ్చుకున్నాడు, సీలు తీయని కొత్తది. టైరు ఒకపక్క ఊడదీసి, ట్యూబు బకెట్లో ముంచి తిప్పుతుంటే ఒకచోట సన్నగా బుడగలు వచ్చాయి. అక్కడ తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ గొట్టం మూత తిప్పాను.

గుప్పుమంది ఆ వాసన.

కుర్రాడికి తొందర. "అతికించేయండి తాతయ్యా" అంటున్నాడు. "ఆగరా. ముందు ఆరనీ. తడి మీద వేసిన ప్యాచీ వీధి మలుపు కూడా దాటదు" అన్నాను. అన్నాక తట్టింది, ఆ మాట నాది కాదని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కార్ఖానా సైకిల్ షెడ్డులో ఒక పెద్దాయన నాతో అన్నమాట అది. నేనూ ఆ కుర్రాడిలాగే తొందరపడుతుంటే, నా చేతిలోంచి ప్యాచీ లాక్కుని మరీ అన్నారు. ఆయన పోయి పది నెలలైంది.

*

కార్ఖానా గేటు దాటగానే కుడివైపు రేకుల షెడ్డు ఉండేది. నేలలో వరసగా పాతిన ఇనప పైపులు, వాటి మధ్య ముందు చక్రం దూర్చి నిలబెట్టడం. మొదటి షిఫ్టు సైరన్‌కి పావుగంట ముందే వచ్చేసేవాళ్లం. ఎందుకంటే టైము కార్డు దగ్గర రద్దీ అని చెప్పుకునేవాళ్లం. అదంతా అబద్ధం. ఆ పావుగంట మా సైకిల్ గొప్ప చెప్పుకోవడానికీ, ఎదుటివాడి సైకిల్లో లోపం పట్టుకోవడానికీ.

అవేమీ పందేల సైకిళ్లు కావు. రోజూ ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ మోసే బరువైన నల్ల సైకిళ్లు. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక క్యారియర్, దాని మీద మెలితిరిగిపోయిన స్ప్రింగు. అన్నీ ఒకేచోట పెడితే కొత్తవాడికి ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. మాకు చూడాల్సిన పని కూడా లేదు.

నా బల్ల డ్రాయింగ్ సెక్షన్‌లో కిటికీ పక్కన. కిటికీకి అవతలే షెడ్డు. తలెత్తకుండా ఎవరొచ్చారో చెప్పేవాణ్ని. పెడల్ ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒక్కసారి 'టక్' మంటే స్టోర్స్ గుమాస్తా గారు. క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను ఆయనది ఎప్పుడూ లూజే. "సుత్తితో రెండు దెబ్బలు వేసి నట్టు బిగిస్తే పోతుంది కదండీ" అంటే, "పోతే నేనొచ్చానని నీకెలా తెలుస్తుందోయ్?" అనేవారు. మడ్‌గార్డు గలగలమంటే ఫోర్‌మన్. చైను గార్డుకి రాసుకుని కీచుమంటే వాచ్‌మన్. అతను దాని పక్కన ఒక కాగితం ముక్క మడిచి దోపేవాడు, రెండు రోజులు నిశ్శబ్దం, మూడో రోజు మళ్లీ కీచు.

పెద్దాయన సైకిల్ చప్పుడు మాత్రం వేరు. మా అందరి సైకిళ్లూ తొక్కడం ఆపి ఊరకే పోనిచ్చినప్పుడు టిక్కుటిక్కుమంటాయి. ఆయనది తొక్కుతున్నప్పుడు కూడా టిక్ టిక్ మంటూనే ఉండేది, గోడగడియారాన్ని క్యారియర్ మీద కట్టుకొచ్చినట్టు. వెనక చక్రం ఇరుసు లావుగా, డబ్బాలా ఉండేది. దానిలో మూడు గేర్లు. స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ హబ్బు. 1936లో వచ్చిన నమూనా అది, చిన్న చిన్న మార్పులతో దశాబ్దాల తరబడి అలాగే చేస్తూ వచ్చారు. పై గేరులోనూ మధ్య గేరులోనూ టిక్ టిక్, కింది గేరులో చడీచప్పుడూ ఉండదు. అందుకే ఆయన గేటు దగ్గరి ఎత్తు ఎక్కేటప్పుడు చప్పుడు ఆగిపోయేది, పైకి చేరాక మళ్లీ మొదలయ్యేది. ఎత్తులో ఎప్పుడైనా టిక్ టిక్ వినిపిస్తే ఆయన ఆ రోజు హుషారుగా ఉన్నారని అర్థం.

*

మెషిన్ షాపు మాస్టారి గురించి చెప్పాలి. ఆయన సంచిలో ఎప్పుడూ పన్నెండు అంగుళాల ఉక్కు స్కేలు ఉండేది. షెడ్డులోకి వస్తూనే ఎవడో ఒకడి చైను పట్టుకునేవారు. చైనులో పిన్నుకీ పిన్నుకీ మధ్య సరిగ్గా అరంగుళం. స్కేలు మొదలు ఒక పిన్ను నడిమధ్య ఆనిస్తే, కొత్త చైనులో ఇరవై నాలుగో పిన్ను సరిగ్గా పన్నెండు గీత మీద పడాలి. అంగుళంలో పదహారో వంతు జరిగితే చైను మార్చు, ఎనిమిదో వంతు జరిగితే పళ్లచక్రాలు కూడా పోయినట్టే. ఆయన వేదం అంతే. "చైను సాగిందండీ" అన్నామో, కోపం వచ్చేది. "సాగడానికి అదేమన్నా రబ్బరా? లోపల పిన్నులూ బుష్షులూ అరిగాయి. ఒక్కో దగ్గర వెంట్రుకవాసి అరిగితే మొత్తం చైనుకి ఎంతవుతుందో లెక్క వెయ్యి" అనేవారు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, స్కేలు మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చూసేవారు. తీర్పు వచ్చేదాకా సైకిల్ గలవాడు కూడా ఊపిరి బిగబట్టేవాడు.

ఒకసారి పెద్దాయన సైకిల్ మూడు గేర్ల మీద ఈ మాస్టారు అందరి ముందూ లెక్క కట్టారు. ముందు నలభై ఆరు పళ్లు, వెనక పద్దెనిమిది, చక్రం చుట్టుకొలత రెండుంపావు మీటర్లకి కొద్దిగా తక్కువ. మధ్య గేరులో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ అయిదున్నర మీటర్లకి పైగా వెళుతుంది. పై గేరులో దానికి మూడో వంతు ఎక్కువ, కింది గేరులో నాలుగో వంతు తక్కువ. సుద్దముక్కతో షెడ్డు నేల మీద కొలిచి గీతలు కూడా గీశారు. పెద్దాయన సైకిల్ ఎక్కి ఒక్కో గేరులో ఒక్కో చుట్టు తొక్కి చూపించారు. సరిపోయింది. సైరన్ మోగినా ఎవరూ కదల్లేదు, ఆ రోజు ఏడుగురికి కార్డు మీద ఎర్ర గుర్తు పడింది.

*

నాకు సైకిల్ పిచ్చి అక్కడ పట్టింది కాదు. నాన్న సైకిల్ దగ్గరే మొదలైంది.

సెలవు రోజున నాన్న సైకిల్ తలకిందులుగా నిలబెట్టేవాడు. అలా నిలబెడితే అది సైకిల్‌లా కాక కొమ్ములు నేలకి ఆనించిన జంతువులా కనిపించేది. చువ్వలు తుడిచే పని నాది. ముందు చక్రానికి ముప్ఫై రెండు, వెనక చక్రానికి నలభై. నేను ముప్ఫై దాటి లెక్కపెట్టడం నేర్చుకున్నది ఆ చువ్వల మీదే. బరువంతా వెనకే కదా, అందుకని అక్కడ ఎనిమిది ఎక్కువ అని నాన్న చెప్పాడు.

ఏడాదికోసారి చక్రాలు పూర్తిగా విప్పేవాడు. ఇరుసులోంచి గోళీలు తీసి కిరసనాయిలు పోసిన మూతలో వేసేవాడు. నల్లగా పడ్డవి కాసేపటికి అద్దంలా మెరుస్తూ పైకొచ్చేవి. ముందు చక్రానివి ఇరవై, పక్కకి పది. ఒకసారి పంతొమ్మిదే తేలాయి. నాన్న గది మొత్తం ఊడ్చాడు, గోనెపట్టా దులిపాడు, చివరికి దీపం పెట్టి మంచం కింద వెతికాడు. గోళీ నా చొక్కా జేబులో ఉంది. చెప్పడానికి భయం. రాత్రికి గ్రీజు మూత పక్కన పెట్టేశాను. పొద్దున్న దాన్ని చూసి నాన్న ఏమీ అనలేదు, చక్రం బిగించి, వేలితో తిప్పి, "చూడు, ఇంకా తిరుగుతూనే ఉంది" అన్నాడు. చక్రం చాలాసేపు తిరిగి, ఆగబోయి, వాల్వు బరువుకి కొంచెం వెనక్కి ఊగి ఆగింది.

అందరు పిల్లల్లాగే నేనూ సీటు అందక కడ్డీ కింది నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నాను. దాని గురించి రాయను, ఆ మచ్చలు ఈ వయసు వాళ్లందరికీ ఉంటాయి.

*

షెడ్డులో ఆడవాళ్ల సైకిళ్లు రెండో మూడో. అందులో టైపిస్టు మేడమ్‌ది ఒకటి. కడ్డీ లేని ఫ్రేము, చైను పూర్తిగా మూసేసిన డబ్బా, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రానికి రెండు వైపులా దారాల వల. మేము ఆ సైకిల్ని లెక్కలోకి తీసుకునేవాళ్లం కాదు. మా తెలివి అంతే.

ఒకరోజు అప్రెంటిస్ కుర్రాడు తన సైకిల్ ఎడమ పెడల్ ఊడదీస్తున్నాడు. కదలదు. ఫోర్‌మన్ వచ్చి స్పానర్‌కి పైపు తొడిగాడు. ఇంకొకడు సైకిల్ మీద కూచున్నాడు. ముగ్గురూ చెమటలు కక్కుతున్నారు, మిగతావాళ్లం సలహాలు ఇస్తున్నాం. మేడమ్ సైకిల్ స్టాండు వేసి, తాళం చెవి తీసుకుని, పోతూ పోతూ "అటు తిప్పితే బిగుస్తుంది బాబూ. ఎడమ పెడల్‌కి మర తిరగబడి ఉంటుంది. లేకపోతే తొక్కేకొద్దీ ఊడిపోదూ?" అంది. రెండోవైపు తిప్పారు. ఊడింది. ఆ తర్వాత తెలిసింది, ఆవిడ ఇంట్లో పంక్చర్ల దగ్గర్నించి చక్రం వంకర తీయడం దాకా తనే చేసుకుంటుందని. చాలా రోజులు ఆవిడ ఉన్నంతసేపు మేమెవరం గొప్పలు పోలేదు.

అకౌంట్స్ ఆయన గొప్ప అంతా సీటు గురించే. బ్రూక్స్ తోలు సీటు. ఆ కంపెనీ 1866లో గుర్రాలకి తోలు సరంజామా చేయడంతో మొదలైందని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవారు. తోలు సీటు మొదట్లో చెక్కలా ఉంటుంది, తొక్కగా తొక్కగా ఒక మనిషి కూర్చునే తీరుకి లొంగుతుంది. ఇంకొకరు ఎక్కితే ఆ ఆకారం చెడుతుందని ఆయన భయం. సైకిల్ అరువిచ్చేవారు, సీటు విప్పుకుని ఇచ్చేవారు. నమ్మండి. వాన పడితే ఆయన నెత్తి తడిసేది, సీటుకి మాత్రం తొడుగు ఉండేది.

వాన రోజుల్లో అసలు వినోదం వేరే. మా చక్రాలవి మెరుగు పూత పెట్టిన ఉక్కు రిమ్ములు. ఎండలో మెరుస్తాయి, తడిస్తే బ్రేకు పట్టదు. లీవర్ నొక్కితే కడ్డీ లేస్తుంది, రబ్బర్లు రిమ్ముని లోపలివైపు తాకుతాయి, సైకిల్ మాత్రం తన దారిన తాను పోతుంది. షెడ్డు చివరి గోడకి ముందు చక్రం ఎత్తున నల్లటి మరకలు బారుగా ఉండేవి. ఒక్కో మరకా ఒక్కో వానది. వాచ్‌మన్ గొడుగు పట్టుకుని గేటు దగ్గర నిలబడి "కాళ్లు దించండి, కాళ్లు దించండి" అని అరిచేవాడు.

రాత్రి షిఫ్టు వాళ్లకి డైనమో ఉండేది. సీసాలా ఉండి టైరు పక్కకి ఒరుసుకునేది. ఆరు వోల్టులు, మూడు వాట్లు. దాని మీటని కాలితో తన్నగానే చక్రం బరువెక్కిపోయేది, తుమ్మెద దూరినట్టు జుమ్మని మోత. ఎత్తు ఎక్కేటప్పుడు లైటు మినుకుమినుకు, ఆగితే చీకటి. షిఫ్టు వదిలాక ఇరవై ముప్ఫై లైట్లు ఒకేసారి గేటు దాటి దిగువకి దొర్లడం మొదలవగానే ఒక్కొక్కటే పసుపు నుంచి తెలుపుకి తిరిగేది. ఆ మోత కూడా సన్నబడుతూ పైకి లేచేది. నాకు రాత్రి షిఫ్టు లేదు. అయినా ఒకటి రెండుసార్లు అది చూడటానికే ఆగాను.

*

ఒకసారి నా సైకిల్ వెనక టైరు పగిలింది. చిన్న గాటైతే పాత టైరు ముక్క లోపల వేసి నెట్టుకొచ్చేవాణ్నే, ఇది జానెడు చీలిక. పెద్దాయన తన సైకిల్ తాళం ఇచ్చారు. "గేరు మార్చేటప్పుడు ఒక్క క్షణం తొక్కడం ఆపు. అంతే" అన్నారు.

నాకు అది చాలలేదు. ఇంటికి వెళ్లాక గేరు కేబుల్ వదులుగా ఉందనిపించి, ఆయన్ని మెప్పిద్దామని నేనే తిప్పి బిగించాను. పొద్దున్న దారిలో, మధ్య గేరు నుంచి పైకి వేసి లేచి నిలబడి తొక్కాను. పెడల్ కింద ఏమీ లేదు. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోయినట్టు. మోకాలు హ్యాండిల్‌కి కొట్టుకుంది, నేనూ సైకిలూ చెరోవైపు పడ్డాం. మడ్‌గార్డు మీద గీత పడింది.

ఆయన గీత చూశారు, నా మోకాలు చూశారు. తిట్టలేదు. నన్ను వెనక చక్రం దగ్గర కూచోబెట్టి, కుడివైపు నట్టుకి ఉన్న చిన్న కన్నంలోంచి చూడమన్నారు. దానిలోంచి సన్నటి చైను ఒకటి ఇరుసులోకి పోతుంది, చివర చిన్న కడ్డీ. "మధ్య గేరులో పెట్టి చూడు. ఆ కడ్డీ భుజం ఇరుసు అంచుకి సమానంగా ఉండాలి. నువ్వు దాన్ని బయటికి లాగేశావు. మధ్య గేరుకీ పై గేరుకీ నడుమ ఏ గేరూ కాని చోటు ఒకటి ఉంది, అందులో పడ్డావు" అన్నారు. నా చేతే సరిచేయించారు. అయిదు నిమిషాల పని. తర్వాత హబ్బు మీదున్న చిన్న మూత ఎత్తి నాలుగు చుక్కలు ఆయిలు వేయించారు.

అప్పుడే అడిగాను, "ఇది ఏనాటిదండీ?" అని. ఆ హబ్బుల మీద తయారైన సంవత్సరం, నెల అంకెలుగా గుద్ది ఉంటాయి. ఆయన హబ్బు మీద గ్రీజు, దుమ్ము కలిసి దళసరిగా పేరుకుని ఉండేది. "యాభై ఎనిమిది, మార్చి. ఈ షెడ్డులో దీనికంటే పెద్దది లేదు" అన్నారు. తుడిచి చూద్దామంటే ఒప్పుకోలేదు. "గ్రీజు దానికి దుప్పటి. తీయకూడదు."

మెషిన్ షాపు మాస్టారు దాన్ని నమ్మలేదు. "అరవై దాటాకే అది. నేను రాసిస్తాను" అనేవారు. ఈ వాదన వాళ్లిద్దరూ రిటైరయ్యేదాకా నడిచింది.

*

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. ఒక వరస స్కూటర్లకి పోయింది, తర్వాత రెండు వరసలు. పైపులు కోసేశారు. చివరి రోజుల్లో షెడ్డులో నాది, వాచ్‌మన్‌ది మిగిలాయి. ఇద్దరం అలవాటు కొద్దీ పాత చోట్లలోనే పెట్టేవాళ్లం, మధ్యలో అంత ఖాళీ ఉన్నా.

ఇప్పుడు పొద్దున్న నడకకి వెళితే సిగ్నల్ దగ్గర ఆఫీసులకి పోయే సైకిళ్లు కనిపిస్తున్నాయి. ఆగి మాట్లాడకుండా ఉండలేను. ఒకమ్మాయి సైకిల్‌కి చైను బదులు బెల్టు ఉంది. "ఆయిల్ గొడవే లేదంకుల్, బట్టలకి మరకలు కావు" అంటూ వేలితో మీటి చూపించింది. వీణ తీగలా పలికింది. ఇంకో అబ్బాయిది డిస్కు బ్రేకు, ముందు ఇరుసులోనే డైనమో, ఆగినా కాసేపు వెలిగే లైటు. సిగ్నల్ పడిందని వెనక హారన్లు కొడుతున్నా అతను ఆ లైటు సంగతి పూర్తిగా చెప్పాకే కదిలాడు. ఏడుగురికి ఎర్ర గుర్తు పడ్డ రోజు గుర్తొచ్చింది. కాకపోతే వాళ్ల సైకిళ్లు బొత్తిగా చప్పుడు చేయవు. కిటికీ పక్కన కూచున్నవాడికి ఎవరొచ్చారో ఎలా తెలుస్తుందో మరి.

పెద్దాయన పోయిన రెండు నెలలకి వాళ్లబ్బాయి సైకిల్ నాకు తెచ్చిచ్చాడు. "నాన్న మీకే ఇమ్మన్నారు" అన్నాడు. టైర్లు పగుళ్లిచ్చాయి. మడ్‌గార్డు మీద నా గీత అలాగే ఉంది. స్టర్మీ ఆర్చర్ వాళ్ల కార్ఖానా, ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌ది, 2000లోనే మూతపడింది, పేరూ తయారీ తైవాన్‌కి వెళ్లాయి. అందుకని సామాను దొరకదేమో అనుకున్నాను గానీ, ఆయన లోపల ఏదీ చెడనివ్వలేదు. ఆయిలు వేసి చక్రం తిప్పితే అదే టిక్ టిక్.

ఒక మధ్యాహ్నం గుడ్డకి కిరసనాయిలు అద్ది హబ్బు తుడిచాను. తుడవకూడదని తెలుసు. ఇన్నేళ్ల గ్రీజు ముద్దలుగా ఊడొచ్చింది. కింద అంకెలు చిన్నవే అయినా స్పష్టంగా ఉన్నాయి. 66. దాని కింద 11.

కాసేపు అలాగే కూచున్నాను. తర్వాత డబ్బాలోంచి గ్రీజు తీసి, వేలితో దట్టంగా పూసి, పైన కాస్త మట్టి కూడా చల్లాను.

సాయంత్రం మెషిన్ షాపు మాస్టారికి ఫోన్ చేశాను. ఆయనకి ఇప్పుడు సరిగా వినపడదు, గట్టిగా చెప్పాలి. "తుడిచి చూశానండీ. యాభై ఎనిమిదే. మార్చి" అన్నాను.

అవతల చాలాసేపు మాట లేదు. ఫోన్ కట్టయిందనుకున్నాను.

"సరే," అన్నారు. "చైను కొలిచావా?"